పదిహేను రౌండ్ల మనిషి

సాంచాల, అంటే మరమగ్గాల, పని నేర్చుకోవడానికి ఊరి నుంచి వచ్చే పిల్లలు నన్ను ఒక మాట అడుగుతుంటారు. పాతకాలం నేత కారీగర్లు గట్టివాళ్లా, ఇప్పటివాళ్లు గట్టివాళ్లా అని. సూరత్‌లో ఇరవై ఆరేళ్లు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసి మానుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. నేను జవాబు చెప్పను. ఒకసారి అడగకుండానే నోరు తెరిచాను. దానికి ఒక మనిషి తన ఎనిమిది సాంచాలనూ, రాత్రి నడుం వాల్చే జాగానూ పోగొట్టుకున్నాడు.

నా పని కండెలు చుట్టడం. నాడెలో పెట్టే దారం కండెలు. చేతివేళ్లు మొద్దుబారాక నేసిన బట్ట తనిఖీకి మార్చారు. బట్ట చుట్టను ఇక్కడ తాకా అంటారు. తాకా విప్పి, వెలుతురుకు పట్టి, పోగు తప్పినచోట నీలం సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టడానికి చదువు అక్కర్లేదు. మీటర్లు మాత్రం వేరేవాళ్లు రాసేవారు. యాభై మూడేళ్లు వచ్చేదాకా నాకు ఒక్క అక్షరం రాదు.

నాకు అక్షరాలు నేర్పింది మా కార్ఖానా పెద్ద కారీగరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. మొదట ముంబై దగ్గర భివండీలో నేశాడు, తర్వాత సూరత్ వచ్చి మా కార్ఖానాలోనే ఇరవై మూడేళ్లు ఉన్నాడు. అందరూ మొదట తమ పేరు రాయడం నేర్చుకుంటారు. నేను మాత్రం గుద్దుకునే మనుషుల పేర్లతో మొదలుపెట్టాను.

అది కరోనా మొదటి లాక్‌డౌన్. సేఠ్ కార్ఖానాకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. ఊరికి పోలేక ఆరుగురు కారీగర్లు పైఅంతస్తులో ఉండిపోయారు. నేను వెనక గదిలో. నా భర్త అప్పటికే లేడు. పక్క అపార్టుమెంట్ల సొసైటీవాళ్లు రోజూ ఒకపూట కిచిడీ పంపేవారు, రెండోపూట నా పొయ్యి మీద ఏదో ఒకటి ఉడికేది. సాంచాలు ఆగాక మా గొంతులు ఎంత పెద్దవో మాకు తెలిసింది. ఆ చప్పుడులో మాట్లాడే అలవాటు వల్ల పక్కపక్కన కూర్చుని కూడా అరుచుకునేవాళ్లం. కొట్లాట అవుతోందనుకుని పోలీసులు రెండుసార్లు వచ్చి గేటు మీద లాఠీతో కొట్టిపోయారు.

నిజానికి కొట్లాటే. ఆరుగురిలో చిన్నవాడికి ఇరవై ఆరేళ్లు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, అమ్మానాన్నా ఊరికి తిరిగిపోయాక పైఅంతస్తులోనే ఉండేవాడు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేవాడు. సాంచాల మీదికి రాకముందు రెండేళ్లు బాక్సింగ్ నేర్చుకున్నాడట. అతని ఫోన్లో ప్రపంచంలోని పెద్ద బరువు ఛాంపియన్ల పోట్లాటలన్నీ ఉండేవి. పెద్ద కారీగరుకు కూడా ఆ పిచ్చి ఉందని అప్పుడే తెలిసింది. భివండీలో ఉన్నప్పుడు షిఫ్టు దిగగానే వీడియో పార్లర్‌లో కూర్చుని పాత పోట్లాటలు చూసేవాడట. ఇద్దరూ ఒకరి ఛాంపియన్‌ను ఇంకొకరు ఒప్పుకోరు.

"కాకా, నీ హీరో ఎనభై ఐదు కిలోలు. మా హీరో నూటపదహారు. ఒక్క పంచ్, ఖతమ్."

"బరువు ఎద్దుకు గూడ ఉంటది బిడ్డా. ఎద్దును దించుతవా రింగుల?"

"జమానా బదల్ గయా కాకా. ఇప్పుడు తిండి వేరే, ట్రైనింగ్ వేరే."

"అవును, వేరేనే. మావోడు నెలనెలా కొట్లాడెటోడు. మీవోడు ఏడాదికొక్కసారి పండుగ లెక్క వస్తడు."

మూడు రోజులు విన్నాక విసుగొచ్చి నేనే అన్నాను. "గట్ల గాదు. అందరినీ జతలు జతలుగ కొట్లాడిచ్చున్రి. గెలిచినోణ్ణి గోడ మీద రాయున్రి." అలా ఎనిమిది మందిని ఏరారు. మీసాలు మెలేసిన కాలం నుంచి నిన్నమొన్నటి దాకా, ఎన్నడూ ఎదురుపడే వీలులేని వాళ్లు, కొందరు ఎప్పుడో మట్టిలో కలిసినవాళ్లు. వాళ్ల అసలు పేర్లు మా నోటికి తిరిగేవి కావు. నేను ఫోన్లో మొహాలు చూసి పేర్లు పెట్టాను. మీసాలాయన, గుండాయన, ఇంజన్, ఎగిరేటాయన. పెద్ద కారీగరు మనిషి బొమ్మలో రంగే లేదు కాబట్టి నలుపుతెలుపు. చిన్నవాడి మనిషి మెడ ఎత్తి చూడాల్సినంత పొడుగు, అతను తాడిచెట్టు.

ఒక్కో పోటీకి ఇద్దరు నిలబడి తమ మనిషి తరఫున వాదించేవారు. మిగతావాళ్లు చేతులెత్తాలి. సమానమైతే తీర్పు నాది. నాకు బాక్సింగ్ తెలియదు కాబట్టి నాకు పక్షపాతం లేదని వాళ్ల లెక్క. రాసే పని కూడా నాకే అప్పగించాడు పెద్ద కారీగరు. తాకాల మీద గుర్తులు పెట్టే నీలం సుద్ద నా వేళ్ల మధ్య పెట్టి, నా చెయ్యి పట్టుకోకుండా, సాంచాల హాల్లో మెట్ల పక్క గోడ మీద తాను ఒక అక్షరం రాసేవాడు. నేను దాన్ని చూసి రాయాలి.

"అక్షరాన్ని సూసి భయపడకు చెల్లె. తెగిన పోగు అనుకో. కొస దొరికితే చాలు, అతుకుతది."

నా గుడులు, నా కొమ్ములు చూసి అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఒక్కో వంకర అక్షరం తుడిపించి మళ్లీ రాయించాడు. నెల తిరిగేసరికి గోడ మీద ఏడు పోటీలకు జాగా గీసి, ఆరు నింపాను.

ప్రతి పోటీకి ముందు ఆయన ఒకటే ప్రశ్న వేసేవాడు. "ముందుగాల జెప్పు. ఎన్ని రౌండ్లు?" పాతకాలంలో పదిహేను ఉండేవట, తర్వాత పన్నెండు చేశారట. పన్నెండులో గెలిచేవాడు వేరు, పదిహేనులో గెలిచేవాడు వేరు అని ఆయన వాదన. ఎవరి కాలం నియమాలతో కొట్లాడిస్తున్నారో చెప్పకుండా ఎవడు గొప్ప అని అడగడమే తప్పు అనేవాడు.

"ఎందుకు తగ్గిచ్చిన్రు?" అని నేనడిగాను.

"ఒకడు దెబ్బలు తిని తిని సచ్చిపోయిండు. పాపమని తగ్గిచ్చిన్రు."

"మంచిదే కదనే."

"మంచిదే." చింతపండు చారు తాగుతూ ఆగాడు. "గానీ చెల్లె, పద్నాలుగో రౌండుల గెలిచేటోడు ఒకడుంటడు. పన్నెండు దాక దెబ్బలు తింటడు, సూస్తడు, ఎదుటోని దమ్ము ఎక్కడ ఖాళీ అయితదో లెక్కగడ్తడు. పాపమని మూడు రౌండ్లు కోసేసిన్రు. వాని సంగతి ఎవలన్న అడిగిన్రా?"

మేం నవ్వాం. పోయినవాళ్ల గురించి ఇంత బాధ ఎందుకన్నాం.

చివరి పోటీకి మిగిలింది నలుపుతెలుపు, తాడిచెట్టు. ఇద్దరి పేర్లూ ఎదురెదురుగా రాశాను. కింద 'రౌండ్లు' అని రాసి ముందు అంకెకు జాగా వదిలాను. పదిహేనని పెద్దాయన, పన్నెండని చిన్నవాడు, రెండు రోజులు అరుచుకున్నారు. ఈలోగా ఊళ్లకు రైళ్లు వదిలారు. కారీగర్లందరూ మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. గోడ అలాగే ఉండిపోయింది.

తర్వాత కార్ఖానా తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. నలభై ఎనిమిది సాంచాల్లో సగం సేఠ్ పాత ఇనుముకు అమ్మేశాడు. రెండోసారి కరోనా లేచినప్పుడు పెద్ద కారీగరును పట్టుకుంది. ఊళ్లోనే రెండు నెలలు మంచంలో ఉన్నాడు. తిరిగి వచ్చిన రోజు గేటు దగ్గర ఆయన్ను నేను పోల్చుకోలేదు. చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, గోడ మీద నా రాతలు చదువుతున్నట్టు నటించాడు. ఆయాసం తీర్చుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది.

ఆయన సాంచాలు అప్పటికే చిన్నవాడి చేతిలో ఉన్నాయి. పగటి షిఫ్టులో ఒక్క మనిషికే చోటుంది. సాంచాలు లేని మనిషికి పైఅంతస్తులో పడుకునే చోటు కూడా ఉండదు, అది సేఠ్ నియమం. నేత తప్ప ఇంకో పని తెలియని మనిషి, యాభై ఏడేళ్లు దాటాక, నా జాగా నాకియ్యున్రి అని వచ్చి నిలబడ్డాడు. తేల్చమని సేఠ్ మాస్టరుకు చెప్పి ఫోన్ పెట్టేశాడు. మాస్టరంటే సాంచాలు బాగుచేసి, మనుషులను నడిపించేవాడు. అతనూ మా జిల్లావాడే. ఇద్దరిలో ఎవరినీ కాదనే ధైర్యం లేక గోడ వంక చూశాడు.

"గోడ మీద ఫైనల్ బాకీ ఉన్నది గదనే మీది," అన్నాడు నవ్వుతూ. "కొట్లాడున్రి మరి. గిరాకీ లేక ఆపిన ఎనిమిది గూడ రేపొక్కరోజు నడుపుదాం. చెరో ఎనిమిది సాంచాలు. రేపు పొద్దుగాల ఏడుకు మొదలు, సాయంత్రం ఏడుకు బంద్. తప్పులు తీసేసి ఎవని బట్ట ఎక్కువుంటే వానిదే జాగా. అక్క సూసి రాస్తది."

పెద్ద కారీగరు కళ్లలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. "పన్నెండు గంటలేనా?" అని అడిగాడు.

"పూర షిఫ్టు."

"సరే."

ఇక్కడ మీకు పని సంగతి ఒకటి చెప్పాలి. చిన్నవాడు షిఫ్టు ఎక్కగానే ఎనిమిది సాంచాలనూ ఒకేసారి ఉరికించేవాడు. చేతులు చురుకు, కాళ్లు చురుకు, పోగు తెగిన క్షణంలో అక్కడుండేవాడు. పెద్దాయన పద్ధతి వేరు. ఒక్కో సాంచా దగ్గర నిలబడి నాడె కొట్టే చప్పుడు వినేవాడు. పడుగు బిగువు చూసి, వెనక వేలాడే బరువును వేలెడు జరిపి, మళ్లీ వినేవాడు. ఎనిమిదింటినీ అలా దారికి తెచ్చేసరికి మూడు, నాలుగు గంటలు పట్టేది. కొత్తవాళ్లు ముసలోడు నిద్రపోతున్నాడని నవ్వేవారు. కానీ మధ్యాహ్నం దాటాక ఆయన సాంచాల మీద పోగు తెగేదే కాదు. బీడీ కాల్చుకుంటూ తిరిగేవాడు. అప్పుడు ఉరుకులు పెట్టేది మిగతావాళ్లే.

ఇది నాకు తెలుసు. ఇరవై ఏళ్లు కళ్లతో చూశాను. అయినా ఆ సాయంత్రం ఆయన నీళ్ల బిందె ఎత్తబోయి మధ్యలో దించేయడం చూశాను. గోడకు చెయ్యి ఆనించి దగ్గాడు, ఆ దగ్గు ఆగలేదు. నేరుగా మాస్టరు దగ్గరికి పోయాను.

"మాస్టరూ, ఆయన పన్నెండు గంటలు నిలవడడు. చస్తడు. నాలుగు గంటలు పెట్టు. జర పాపం అనుకో."

మాస్టరుకు అదే కావాలి. అతని మెడ మీదికి చావు రాకూడదు. "గట్లనే గానీయి, పొద్దుగాల పదకొండుకు బంద్," అన్నాడు.

నేను చేసిన మేలు గురించి చెప్పడానికి ఉత్సాహంగా పైకి ఎక్కాను. పెద్దాయన చాపమీద కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఎవలడిగిన్రు చెల్లె నిన్ను?" అన్నాడు.

"నీ పానం కోసమే కదనే!"

"నా పానం నాకు తెల్వదా?"

మర్నాడు పొద్దున్నే మాస్టరు దగ్గరికి వెళ్లి, పన్నెండే కావాలన్నాడు. మాస్టరు భుజం తట్టాడు. "నీ చెల్లెనే చెప్పింది కాకా, నీ మంచికే. ఎందుకింత పట్టుదల?" దాంతో ఆయన వెనక్కి తిరిగి తన సాంచాల దగ్గరికి నడిచాడు. పగవాడు పెట్టిన నియమమైతే కొట్లాడవచ్చు. చెల్లెలి జాలితో ఎలా కొట్లాడతాడు?

ఏడు గంటలకు సాంచాలు లేచాయి. చిన్నవాడు ఉరికాడు. పెద్దాయన, నాలుగు గంటలే ఉన్నాయని తెలిసి కూడా, తన పద్ధతి వదల్లేదు. నిలబడ్డాడు, విన్నాడు, బరువులు జరిపాడు. ఆయనకు వేరే పద్ధతి రాదని కొందరన్నారు. రాదనుకోను. దారికి రాని సాంచాను ఉరికించడం ఆయనకు చేతకాక కాదు, మనసొప్పక. తొమ్మిది గంటలకు బనియన్ వీపుకు అతుక్కుపోయింది. రెండుసార్లు కూర్చున్నాడు, రెండుసార్లు లేచాడు. పదిన్నరకు ఎనిమిదో సాంచా దారికి వచ్చింది. ఎనిమిదీ ఒకే తాళంలో కొట్టడం నా టేబుల్ దాకా వినిపించింది. అప్పటికి అరగంట మిగిలింది.

పదకొండుకు మాస్టరు ఈల వేశాడు. రెండు వైపుల బట్టా కొలిచి, తప్పులు తీసి, నేను రాశాను. పెద్దాయన బట్టలో నా సుద్దకు పని దొరకలేదు. చిన్నవాడి బట్టలో ఏడు తప్పులు. అవి తీసేసినా చిన్నవాడు పందొమ్మిది మీటర్లు ముందున్నాడు. నేను సొంతంగా, ఎవరి సాయం లేకుండా, కార్ఖానా కాగితం మీద రాసిన మొదటి తీర్పు అది. అంకెలు ముత్యాల్లా వచ్చాయి.

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్లాడు. మాస్టరు సాయంత్రం దాకా పదహారు సాంచాలూ చూసుకోమని చిన్నవాడికి చెప్పాడు.

ఒంటిగంట దాటాక మొదలైంది. చిన్నవాడు తన వైపు ఎనిమిదింటి మీదా పోగులు అతకలేక గిలగిల్లాడాడు. ఒకటి లేపితే ఇంకొకటి ఆగేది. పెద్దాయన వదిలిపోయిన ఎనిమిదీ మాత్రం మనిషి లేకుండానే నడుస్తున్నాయి. కండె అయిపోయినప్పుడు మార్చడం తప్ప వాటికేమీ అక్కర్లేదు. నాలుగు గంటలకు చిన్నవాడు నా దగ్గరికి నీళ్లకొచ్చాడు.

"మాసీ, ఎందుకన్నవ్ నాలుగని?"

"ఆయన పానం బాలేదని."

"పన్నెండైతే నేను ఓడిపోయెటోణ్ణి. నాకు ఎరుకే. కాకాకు గూడ ఎరుకే." నీళ్లు తాగి గ్లాసు బోర్లించాడు. "గెలిచినట్టు లేదు మాసీ. చోరీ చేసినట్టున్నది."

అంత బాధపడ్డవాడు మాస్టరు దగ్గరికి వెళ్లి ఆ మాట అనలేదు. పెళ్లి కుదిరి ఉంది, చోటు కావాలి. నేనూ అనలేదు. నాకు ఏ పెళ్లీ కుదరలేదు, నాకు ఏం అడ్డొచ్చిందో ఇప్పటికీ తెలియదు. చెప్తే నా తప్పు నేనే ఒప్పుకోవాలి. బహుశా అంతే.

సాయంత్రం ఏడుకు మళ్లీ కొలిచాను. పెద్దాయన సాంచాల బట్ట రోజంతా కలిపి ముప్ఫై ఒక్క మీటర్లు ముందుకు పోయింది. మాస్టరు ఆ కాగితం చూశాడు. రెండు వైపుల తాకాలూ చిన్నవాడి పేరున రాయమన్నాడు. రాశాను. ఆ పేరులో ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు నేర్పింది కూడా పెద్దాయనే.

ఇప్పుడు ఆయన సూరత్‌లోనే వరాఛా పేటలో ఒక సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్. నేను రెండుసార్లు పోయాను. పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాడు. అది ఆయన నవ్వుతూ చెప్పాడు, నేను నవ్వలేకపోయాను. మీరడగవచ్చు, ఆ రోజు నిజంగా పన్నెండు గంటలు నిలిచేవాడా అని. నిలిచేవాడో, మధ్యలో కూలిపోయేవాడో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను.

ఆ సాయంత్రం సంగతి మిగిలింది. నేను కాగితం మడుస్తుండగా ఆయన టిఫిన్ డబ్బా, మేకుకు వేలాడే లుంగీ తీసుకుపోవడానికి వచ్చాడు. సాంచాలు ఆగి ఉన్నాయి. రాత్రి షిఫ్టువాళ్లు ఇంకా ఎక్కలేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

చదివి వినిపించాను. ముప్ఫై ఒకటి అన్నప్పుడు తలూపాడు, ఎవరో తెలిసిన మనిషి క్షేమసమాచారం విన్నట్టు.

డబ్బా చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి నడిచాడు. నలుపుతెలుపు, తాడిచెట్టు ఏడాదిగా ఎదురెదురుగా నిలబడే ఉన్నారు. కింద 'రౌండ్లు' ముందు జాగా ఖాళీగా ఉంది. నా టేబుల్ మీది నీలం సుద్ద తీసుకున్నాడు. గెలిచినవాడి పేరు రాస్తాడనుకున్నాను. ఆయన సుద్దను నా వైపు చాచాడు.

"నువ్వే రాయాలె చెల్లె. నాలుగు అని రాయి."

"అన్నా, తప్పయింది..."

"రాయి."

రాశాను. ఆయన ఒకడుగు వెనక్కి వేసి, తాకాను వెలుతురుకు పట్టి చూసినట్టు, తల పక్కకు వంచి చూశాడు.

"మంచిగ కుదిరింది నీ దస్తూరి," అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.